మూడంగుళాల బొంగు

మూడు రోజులుగా వడ్ల బ్రహ్మం కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. కొట్టంలోకి పోతాడు, బాడిసె చేతిలోకి తీసుకుంటాడు, ఎందుకు తీసుకున్నాడో మరచిపోయి మళ్ళీ కింద పెడతాడు. బయటికొచ్చి ఆకాశం వంక చూస్తాడు. ఆకాశంలో చూడ్డానికేముంది, ఆషాఢం గాలికి లేచిన దుమ్ము తప్ప! భార్య నాగరత్నమ్మ అన్నం పెడితే కంచం ముందు కూర్చుని కలపడం మొదలుపెడతాడు, కలుపుతూనే ఉంటాడు.

“ఏందయ్యా, ఆ అన్నాన్ని పిసికి పిసికి పిండి చేస్తాండావు? తినేదుందా లేదా?” అందామె.

“తింటాండా కదా!”

“యాడ తింటాండావు? చెయ్యి విరిగింది దొరకి. నోరు పడిపోయింది నీకు.”

బ్రహ్మం చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. ఆమె అన్నది ఉన్నమాటే. దొర చెయ్యి విరిగి మూడు రోజులైంది. ఎందుకు విరిగిందో ఈ భూమ్మీద తెలిసినవాడు ఒక్కడే, వాడు బ్రహ్మం. ఇంకో రెండు రోజులకు దొర రైలెక్కి వెళ్ళిపోతాడు. ఈలోగా చెప్పాలా, నోరు మూసుకోవాలా అన్నదే వాడి గుండెల్లో కుంపటి.

సంగతి మొదటి నుంచీ చెబితే గానీ మీకు వాడి బాధ అర్థం కాదు. ఇది పందొమ్మిది వందల ఇరవయ్యేడు నాటి మాట. మార్కాపురం అప్పట్లో కర్నూలు జిల్లాలో ఉండేది. ఊరి చుట్టుపక్కల గనుల్లోంచి రాయి తీసి, పలుచగా చీల్చి, నునుపు చేసి, నాలుగు వైపులా కొయ్య చట్రం బిగిస్తే బడిపిల్లల పలక తయారు. ఆ చట్రాలు చేయడంలో వడ్రంగి బ్రహ్మాన్ని మించిన చెయ్యి ఆ తాలూకాలో లేదు. వాడు బిగించిన మూల ఊడిందన్న మాట ఎవరి నోటా రాలేదు. ఆ సంగతి వాడికీ తెలుసు, కొంచెం ఎక్కువగానే తెలుసు.

మద్రాసులో పలకలు ఎగుమతి చేసే ఒక కంపెనీ తరఫున, సరుకు నాణ్యం చూడ్డానికి ఎమిల్ అనే దొర వచ్చాడు. ఇరవై ఆరేళ్ళవాడు, ఎండకు ముక్కు మీద తొక్కలు లేచే రకం. జర్మనీవాడని తెలిసి జనం మొదట్లో జంకారు. యుద్ధంలో మద్రాసు మీద గుండ్లేసిన దేశం మనిషి మరి! నాలుగు నెలలు తిరిగేసరికి ఆ జంకు పోయింది. గనుల్లో కూలీల దగ్గరే తెలుగు నేర్చుకున్నాడు కాబట్టి, వాళ్ళ మాటే మాట్లాడేవాడు. బ్రహ్మాన్ని “బ్రహ్మన్నా” అని పిలిచేవాడు. తెల్లదొర నోట్లోంచి ‘అన్నా’ అని వింటుంటే నాగరత్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది.

ఒకరోజు దొర చట్రం మూలను వేలితో తడిమి, “మా నాయన కూడా ఇట్లనే బిగించేటోడు” అన్నాడు.

“మీ నాయన వడ్రంగమా దొరా?”

“బండ్లు చేసేటోడు.”

ఆ ఒక్క మాటతో బ్రహ్మానికి దొర సొంత మనిషైపోయాడు. వడ్ల పని చేసినవాడి కొడుకంటే ఏ దేశమైతేనేం! పీట వేసి కూర్చోబెట్టాడు, మజ్జిగ ఇప్పించాడు. దొర ఆ రోజు మజ్జిగ తాగి ఊరుకోలేదు. మర్నాడు ఒక రేకు గొట్టం తెచ్చి, దాంట్లోంచి పసుపెక్కిన కాగితం తీసి నేలమీద పరిచాడు.

దాని మీద ఎగిరే యంత్రం బొమ్మ. ఒకదాని మీద ఒకటి రెండు పొడుగాటి రెక్కలు, వెనక రెండు బొంగుల కొసన తోక. మధ్యలో మనిషి నిలబడి, రెండు అడ్డకర్రల మీద చంకలు ఆనించుకోవాలి. ఇంజను లేదు. గాలికి ఎదురుగా వాలు మీద పరిగెత్తడమే.

“మా దేశంలో యుద్ధానికి ముందు ఊరికొక పిచ్చోడు ఉండినాడు బ్రహ్మన్నా,” అన్నాడు దొర. “బడి అయ్యవార్లు, సైకిళ్ళు బాగుచేసేటోళ్ళు, వడ్రంగులు. ఆదివారం ప్రార్థన కాంగనే కొట్టంలో దూరి రెక్కలు కట్టుకునేటోళ్ళు. పెండ్లాలు తిట్టేటోళ్ళు, పక్కింటోళ్ళు నవ్వేటోళ్ళు. కాళ్ళు ఇరగ్గొట్టుకున్నోళ్ళు ఉండారు, సచ్చినోళ్ళు ఉండారు. మా నాయన గూడా ఒక పిచ్చోడే. ఇది ఆయన గీసిందే.”

“ఎగిరినాడా మరి?”

దొర కాగితం అంచు వేలితో సరిచేస్తూ చెప్పాడు. ఇటుకల బట్టీ దగ్గర మట్టిదిబ్బ మీంచి ఒక సాయంత్రం నాయన ఎగిరాడట, నలభై అంగలు. చూసినవాడు ఆరేళ్ళ కొడుకు ఒక్కడే. ఊరికి చెబితే ఊరు నవ్వింది. మళ్ళీ ఎగిరి చూపించేలోగా యంత్రం గాలివానకు పోయింది, తర్వాత యుద్ధం వచ్చింది, నాయన తిరిగి రాలేదు.

“మా ఊళ్ళో ఇప్పటికీ ఆయన్ని అబద్ధాల వడ్రంగి అంటారు. నేను చూసినా బ్రహ్మన్నా. కానీ నాకు ఆరేళ్ళు. చూసినానో, నాయన చెప్పింది విని చూసినా అనుకుంటాండానో, నాకే తెలీదు. ఇది కట్టి చూడాల. ఎగిరితే ఆయన నిజం చెప్పినట్టు. ఎగరకపోతే...” అని ఆపేశాడు.

కంపెనీ దొరను వెనక్కి పిలిచింది. ఆషాఢం దాటితే మద్రాసు, అక్కడి నుంచి ఓడ. గాలి ఉండేదీ ఆషాఢంలోనే. బ్రహ్మం చట్రాల పని పక్కన పడేశాడు.

నల్లమల వెదురు తెప్పించాడు. కణుపులు దగ్గరగా ఉన్న సన్నబొంగులు ఏరి, నీడన ఆరబెట్టి, నిప్పు సెగ చూపించి చక్కగా వంచాడు. నేత గుడ్డను రెక్కల మీద పరిచి చింతగింజల అంబలి పూస్తే డప్పులా బిగుసుకుంది. మద్రాసు నుంచి తెప్పించిన ఉక్కుతీగను దొర తన చేత్తోనే బొమ్మ ప్రకారం కొలిచి తుంచాడు. కొయ్యపనంతా బ్రహ్మానికి వదిలేశాడు. కొలబద్ద కూడా పెట్టలేదు.

“ఒక్కసారి కొల్చి చూసుకోండి దొరా” అని బ్రహ్మమే అన్నాడు, మర్యాదకు.

“వడ్రంగి కొల్చిందాన్ని ఇంకొకడు కొలిస్తే అది వడ్రంగిని కొట్టినట్టు అనేటోడు మా నాయన. నేను కొలవను.”

బ్రహ్మం ఆ మాటకు ఉబ్బిపోయాడు. ఆ మాటే ఇప్పుడు వాడిని పడుకోనివ్వడం లేదు. ఎందుకంటే ఆ తర్వాతే వాడు కొలత మార్చేశాడు.

బ్రహ్మం ఇంటి కట్టడి ఒకటుంది, ఆయం చూడడం. మంచం గానీ, తలుపు గానీ, బండి గానీ, దాని పొడవునూ వెడల్పునూ అంగుళాల్లో గుణించి ఎనిమిదితో భాగిస్తారు. బేసి మిగిలితే మంచిది. అయిదు మిగిలితే వృషభాయం, ఏడు మిగిలితే ఇంకా మేలైన గజాయం, అంటే ఏనుగు. సరిసంఖ్య మిగిలితే చెడ్డది. ఏమీ మిగలకపోతే కాకాయం, అది అన్నిటికన్నా చెడ్డది, ఆ వస్తువు వాడేవాడి ఆయుష్షు తీస్తుందని నమ్మకం. బ్రహ్మం నాయన ఒకే ఒక్కసారి, రైతు తొందరపెట్టాడని ఆయం చూడకుండా బండి చేసిచ్చాడు. ఆ రైతు ఆ బండి చక్రం కిందే పోయాడు. అప్పటి నుంచి వాళ్ళ కొట్టంలో ఆయం చూడని పీట కూడా గడప దాటలేదు. పలకల చట్రాలకు మాత్రం కంపెనీ కొలతే రాజ్యం. పిల్లలు పలకలు అన్నేసి పగలగొట్టుకునేది అందుకేనని బ్రహ్మం గట్టి నమ్మకం.

తోక బొంగులు బొమ్మలో ఎనభై ఎనిమిది అంగుళాల పొడవు. రెండింటి మధ్య ఎడం ఇరవై ఒకటి. బ్రహ్మం బొగ్గుతో గోడ మీద గుణించి, భాగించి, చల్లబడిపోయాడు. ఏమీ మిగల్లేదు. కాకాయం!

ఆ దొరకేమో ఈ సంగతులు తెలియవు. చెబితే నవ్వుతాడు. నవ్వి, అదే కొలతలో ఎక్కి, పడి చస్తాడు. తన కొట్టంలో చేసిన వస్తువు మీద, వడ్రంగి కొడుకు! బ్రహ్మం మళ్ళీ లెక్క వేశాడు. ఒక్క అంగుళం పెంచినా వృషభాయం వచ్చేది. కానీ దొర మీద వాడికి ప్రేమ ఎక్కువైంది. మూడంగుళాలు పెంచి, గజాయానికి తెచ్చి, ఒక్కరితోనూ అనకుండా బొంగులు కోసేశాడు. మంచి చేశానన్న తృప్తితో ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు కూడా.

ఊరికి పడమట గనుల దగ్గర, పనికిరాని రాతిచిప్పలన్నీ పోసిన పెద్ద దిబ్బ ఉంది. పడమటి వాలు నున్నగా దిగుతుంది, గాలికి సరిగ్గా ఎదురు. ఆ చుట్టుపక్కల గొర్లు మేపుకునే మాలకొండయ్య తోక పట్టుకుని సాయం నిలబడ్డాడు. దొర చంకలు ఆనించి, చెప్పులు విడిచి, పరిగెత్తాడు.

యంత్రం లేచింది. ఒక్క క్షణం అందరి గుండెలూ లేచాయి. అంతలో దాని ముక్కు ఆకాశం వంక తిరిగింది. మొండికేసిన ఎద్దులా వెనక్కి ఒరిగి ధబ్బుమని పడింది. దొర మోకాలు చీరుకుపోయింది.

“నేనే వెనక్కి వాలినానేమో” అన్నాడు దొర. రెండు రోజులు లెక్కలు వేసుకుని, ఒళ్ళు ముందుకు వంచి మళ్ళీ పరిగెత్తాడు. ఈసారి మనిషెత్తు పైకి పోయింది, మళ్ళీ అట్లాగే ముక్కు లేపి కూలింది. దొర ఎడమ చెయ్యి మోచేతికింద పుల్లలా విరిగింది.

ఆ రోజు దొర ఏడవలేదు. మాలకొండయ్య గొంగడి చింపి చెయ్యి కడుతుంటే పళ్ళు బిగించి కూర్చున్నాడు. కట్టడం అయ్యాక మెల్లగా అన్నాడు.

“లెక్క సరిగ్గానే ఉండాది. బ్రహ్మన్న పని సరిగ్గానే ఉండాది. అంటే మా నాయన అబద్ధం చెప్పినాడు.”

“అట్లనొద్దు దొరా” అన్నాడు బ్రహ్మం.

“ఇంకేమనాల? ఊరంతా చెప్పింది, నేనే నమ్మలేదు. దాన్ని పొయ్యిలో పెట్టు బ్రహ్మన్నా. నాకు మళ్ళీ కనపడొద్దు.”

దొరను బండిలో పంపించాక, బ్రహ్మం, మాలకొండయ్య యంత్రాన్ని ఎత్తుకున్నారు. మాలకొండయ్య తోక వైపు పట్టుకున్నాడు.

“మామా, ఒక మాట. గద్దను దినామూ చూస్తా ఉంటా గదా, దాని తోక ఒంటికి సమంగా ఉంటాది. దీందేంది, కొస పైకి లేసింది?”

బ్రహ్మం తోక వంక చూశాడు. పై రెక్క నుంచి తోకకు బిగించిన తీగను వేలితో మీటాడు. అది తంబూర తీగలా కుయ్యిమంది. అంత బిగువు ఎందుకుంటుంది? తీగ దొర తుంచిన కొలత. బొంగు తన కొలత. బొంగు మూడంగుళాలు పొడుగైతే, తీగ తన దారికి లాక్కుంటుంది. తోక కొస పైకి వంగింది, గాలి దాన్ని కిందికి నొక్కింది, ముక్కు పైకి లేచింది. చిన్నపిల్లవాడికైనా తెలిసే సంగతి! బ్రహ్మం అక్కడే చిప్పల మీద కూర్చుండిపోయాడు.

“ఏంది మామా?”

“ఏంలేదు. ఎండ.”

అదీ సంగతి. మూడు రోజుల నుంచీ వాడు తిరుగుతున్నది అందుకు.

చెబితే ఏమవుతుంది? బ్రహ్మం కొలత తప్పాడన్న మాట ఊళ్ళో పుడుతుంది, అది పుట్టాక చావదు. అది ఓర్చుకుంటాడు, సరే. కానీ చెప్పి ఊరుకుంటే ఏం లాభం? దొర నమ్మాలంటే అది ఎగరాలి. ఎగరాలంటే ఆ మూడంగుళాలు కోసి, తెలిసి తెలిసి, కాకాయంలో పెట్టాలి. ఆ పని చేయడానికి చెయ్యి రావడం లేదు. వాడికి ఆయం అంటే చాదస్తం కాదు, కళ్ళ ముందు బండి కింద పడ్డ రైతు మొహం. కోస్తే ఎక్కినవాడు పోతాడు, కోయకపోతే ఎప్పుడో యుద్ధంలో పోయిన వడ్రంగి అబద్ధాలకోరుగా మిగిలిపోతాడు. ఆయన ఎవరో, ఎట్లా ఉండేవాడో బ్రహ్మానికి తెలియదు. అయినా బాడిసె పట్టుకున్నప్పుడల్లా ఆయన పక్కన నిలబడి తన చేతుల వంక చూస్తున్నట్టే ఉంది.

అన్నం దగ్గర నుంచి లేచిపోయిన ఆ మధ్యాహ్నమే నాగరత్నమ్మ కొట్టంలోకి వచ్చింది. తలుపుకు అడ్డంగా నిలబడింది.

“చెప్పు. చెప్పేదాకా కదలను.”

చెప్పాడు. గోడ మీద బొగ్గు లెక్కలు కూడా చూపించాడు. ఆమె అంతా విని నుదురు కొట్టుకుంది.

“పైకి లేసేదానికి ఏనుగు ఆయం పెట్టినావా! నీ తెలివి సంతకెళ్ళా!”

“ఎగతాళి చెయ్యబాక నాగరత్నా.”

ఆమె నవ్వు ఆపేసింది. తర్వాత గొంతు తగ్గించి అంది.

“ఇప్పుడు చెప్పి ఏం చేస్తావు? పోయేటోడు పోతాడు. ఆయన దేశం ఆయనది. గమ్మునుండు.”

“ఆయన నాయన బండ్లు చేసినోడు. నేనూ బండ్లు చేసేటోడినే. ఆయన గీసింది సరిగ్గా గీసినాడు. నేను నా తెలివి దూర్చి, సచ్చినోడిని అబద్ధాలకోరును చేసినా. ఎట్ల గమ్మునుండేది?”

“అయితే కోసెయ్.”

“కోస్తే కాకాయం. ఎక్కినోడికి కీడు.”

“ఎక్కేదెవురు? దొర చెయ్యి ఇరిగింది గదా!”

బ్రహ్మం రంపం వంక చూశాడు. ఆమె ఆ చూపు పట్టుకుంది. ఇరవై ఏళ్ళు కాపురం చేసిన మనిషి, పట్టుకోదా! కొత్త బండి కట్టినవాడు తానే ముందు ఎక్కి పొలిమేర దాకా పోయి వచ్చాకనే రైతు చేతికి ఇవ్వాలి. అది కూడా వాళ్ళ ఇంటి కట్టడే.

“వద్దు” అంది. “వద్దయ్యా. నీకు దండం పెడతా.”

“ఆయం మీద నాకు నమ్మకం ఉండాది. అందుకే ఇంకొకడిని ఎక్కించలేను.”

ఆమె ఏడుస్తూనే పక్కకు జరిగింది. బ్రహ్మం గబగబా రెండు బొంగులూ గుర్తు పెట్టి కోశాడు. ఆలోచిస్తే చెయ్యి ఆగిపోతుందని ఆలోచించలేదు. తెగిన మూడంగుళాల ముక్కలు రెండూ నేల మీద పడి దొర్లాయి. విరిగిన బద్దలు మార్చాడు, గుడ్డ చిరుగులకు అంబలి పూసిన అతుకులు వేశాడు, తీగలు బిగించాడు. పైతీగను మీటితే ఈసారి కుయ్యిమనలేదు. తోక ఒంటికి సమంగా నిలబడింది.

మర్నాడు పొద్దున దొర చెప్పిపోవడానికి వచ్చాడు. చెయ్యి మెడకు కట్టుకుని ఉన్నాడు. నాలుగు రోజుల్లో మనిషి సగమయ్యాడు.

“కాల్చినావా?”

“ఒక్కసారి గనుల కాడికి రాండి దొరా. ఒక మాట చెప్పాల.”

దిబ్బ మీద మాలకొండయ్య అప్పటికే యంత్రాన్ని పట్టుకుని ఉన్నాడు. గాలి ఈడ్చి కొడుతోంది. గొర్లు మొహాలు తిప్పుకుని దిబ్బ వెనక నక్కాయి. బ్రహ్మం రొంటినున్న రెండు బొంగు ముక్కలు తీసి దొర అరచేతిలో పెట్టి, జరిగిందంతా చెప్పాడు. ఆయం సంగతి, తీగ సంగతి, తోక సంగతి. ఒక్క ముక్క దాచలేదు. తల ఎత్తలేదు కూడా.

దొర మొహం ఎర్రబడింది. ఆ ముక్కలను విసిరి నేలకు కొట్టాడు.

“నేను కొలవలేదు! నిన్ను కొలవలేదు! ఎందుకు చేసినావు?”

“మీరు సావకూడదని.”

ఆ మాటకు దొర విరిగిన చెయ్యి వంక చూసుకున్నాడు. “ఇప్పుడేం చెయ్యాల? నా చెయ్యి లేదు. రేపు రైలుబండి.”

“కట్టినోడే ముందెక్కాల. అది మా కట్టడి.”

“నీకు ఆ కాకి భయం గదా!”

“భయమే” అన్నాడు బ్రహ్మం. దిబ్బ కింద, ఊరి దారిలో, నాగరత్నమ్మ నిలబడి ఉంది. రావద్దని చెప్పినా వచ్చింది. వాడు చూడనట్టు మొహం తిప్పుకుని, పంచె ఎగగట్టి, చంకలు అడ్డకర్రల మీద ఆనించాడు.

“ముందుకు చూడు. కాళ్ళు చూడబాక” అని దొర అరిచాడు. కోపం గొంతులో ఇంకా ఉంది. “నేను చెప్పినప్పుడు వదలాల మాలకొండా... ఇప్పుడు!”

బ్రహ్మం పరిగెత్తాడు. చిప్పలు కాళ్ళ కింద జారుతున్నాయి, గుచ్చుకుంటున్నాయి. గాలి రెక్కల్లో దూరి గుడ్డను ఊదింది. అయిదంగలు, ఆరు, ఏడు. నాయనా, నాయనా అనుకుంటున్నాడు, ఏ నాయనను పిలుస్తున్నాడో వాడికే తెలియదు. ఎనిమిదో అంగకు చిప్పల చప్పుడు ఆగిపోయింది.

కాళ్ళు పరిగెడుతూనే ఉన్నాయి, కింద మాత్రం నేల లేదు. చంకల్లో తన బరువు మొత్తం వేలాడుతోంది. ముక్కు పైకి లేస్తుందని ఊపిరి బిగబట్టాడు. లేవలేదు. యంత్రం సమంగా, నిదానంగా, ఏ తొందరా లేనట్టు దిబ్బ వాలు మీద పోతోంది. గొర్ల వీపులు కింద కనిపించాయి. అవతల గనుల గుంతలు, ఎండిన వాగు, దూరాన నల్లమల గట్టు. తన ఊరిని ఇటువైపు నుంచి, ఇంత పైనుంచి వాడెప్పుడూ చూడలేదు. నలభై అయిదేళ్ళ మనిషికి నవ్వు తన్నుకొచ్చింది. భయం ఏమైందో, ఆయం ఏమైందో గుర్తు లేదు.

అంతలో నేల వచ్చి కాళ్ళకు తగిలింది. రెండంగలు తూలి, మోకాళ్ళ మీద పడి, గుడ్డా తీగల మధ్య చిక్కుకుని ఆగాడు. అరచేతులు చీరుకుపోయాయి. ప్రాణం ఉంది. ఒకటికి రెండుసార్లు చూసుకున్నాడు, ఉంది.

మాలకొండయ్య కేకలు పెడుతూ దిబ్బ దిగాడు. నాగరత్నమ్మ కొంగు జారిపోతున్నా లెక్కచేయకుండా పరిగెత్తుకొచ్చి, మొగుడి వీపు మీద ధబీమని ఒకటి చరిచి, అక్కడే కూలబడి ఏడ్చింది. దొర మాత్రం పరిగెత్తలేదు. కాళ్ళు లేచిన చోట నిలబడి, అక్కడి నుంచి ఒక్కొక్క అంగా వేసుకుంటూ, పెదాలతో లెక్కపెట్టుకుంటూ, మెల్లగా దిగి వచ్చాడు. బ్రహ్మం దగ్గరికి వచ్చి ఆగాడు.

“ముప్ఫై తొమ్మిది” అన్నాడు.

“బాగలేదా దొరా?”

“మా నాయన నలభై అని చెప్పినాడు.” దొర కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి, మొహం మాత్రం నవ్వుతోంది. “ఒక్క అంగ అబద్ధం చెప్పినాడు బ్రహ్మన్నా. ఒక్కటే! నేను చూసినా. ఇట్లనే పోయినాడు, కాళ్ళు కొట్టుకుంటా, ఇంతే ఎత్తున. నేను చూసిందే ఇది!”

మంచి చెయ్యి చాచి బ్రహ్మాన్ని లేపాడు. లేపి, వదల్లేదు. ఇద్దరు వడ్రంగుల ఇళ్ళవాళ్ళు ఆ గాలిలో అట్లా నిలబడి ఏడుస్తుంటే మాలకొండయ్య మొహమాటపడి గొర్లను అదిలించుకుంటూ పక్కకు పోయాడు.

మర్నాడు బ్రహ్మం బండి కట్టి దొరను మార్కాపురం రోడ్డు స్టేషనులో దించాడు. రైలు కదిలేముందు దొర జేబు తడిమి చూపించాడు. నేలకు కొట్టిన బొంగు ముక్కలు రెండూ అందులో ఉన్నాయి. “కాల్చొద్దు దాన్ని” అన్నాడు.

నాగరత్నమ్మ ఆ పూట రాగిసంకటి, వేరుసెనగ గింజల పచ్చడి చేసి పెట్టింది. బ్రహ్మం ఆవురావురుమంటూ తిన్నాడు. హమ్మయ్య, ఇక మనిషి దారిలో పడ్డాడనుకుందామె. చెయ్యి కడుక్కున్నాడో లేదో, కొట్టంలోకి పోయాడు. బాడిసె తీశాడు, కింద పెట్టాడు. బయటికొచ్చాడు. ఆకాశం వంక చూశాడు. వాకిట్లో ఈ చివర నుంచి ఆ చివరకు నాలుగుసార్లు తిరిగాడు.

“ఇంకా ఏందయ్యా ఆ తిరుగుడు?” అని ఆమె గడపలోంచి అరిచింది. “చెప్పాల్సింది చెప్పినావు, కీడు తప్పింది, దొర పోయినాడు. ఇంకేం కావాల నీకు?”

బ్రహ్మం పడమటి వైపు తిరిగి, కళ్ళు చికిలించి, ఎండిన పెదాలు తడుపుకున్నాడు.

“గాలి బాగుండాది నాగరత్నా” అన్నాడు.